దాతగా సరిపోరు

"మీరు కాసేపు వరండాలో కూర్చోండమ్మా. సులోచనగారితో విడిగా మాట్లాడాలి," అన్నారు డాక్టర్ నతానియేలు.

సత్యవతమ్మ కుర్చీలోంచి కదల్లేదు. "మా ఆడపడుచే కదండీ. మా మధ్య దాపరికాలేం ఉంటాయి?" అంది.

"ఉండవు. అయినా కిడ్నీ ఇచ్చేవాళ్ళతో నేను ఒంటరిగానే మాట్లాడతాను. మీ అబ్బాయితోనూ అలాగే మాట్లాడాను కదా."

సత్యవతమ్మ లేచింది. వెళ్తూ వెళ్తూ సులోచన భుజం మీద చెయ్యి వేసి నొక్కింది. ఆ నొక్కడంలో బతిమాలడమూ ఉంది, హెచ్చరికా ఉంది. తలుపు మూసుకుంది.

అది 2004 వేసవి. సులోచన బందరులో మునిసిపల్ స్కూల్లో లెక్కల టీచరు. ఆమె అన్నయ్య సీతారామయ్య కాపురం గుడివాడలో. ఆయనకు ముదినేపల్లి దగ్గర చేపల చెరువులున్నాయి. ఏడాది క్రితం రెండు కిడ్నీలూ చెడిపోయాయి. అప్పట్నుంచి వారానికి రెండుసార్లు కారులో బందరు వచ్చి, కోనేరు సెంటరు అవతల ఉన్న ఈ ఆసుపత్రిలో డయాలసిస్ చేయించుకుని వెళ్తున్నాడు. మనిషి సగమయ్యాడు. మార్పిడి ఆపరేషన్ జరగాల్సింది బెజవాడలో. ఇచ్చేవాళ్ళ పరీక్షలు, వాళ్ళతో మాట్లాడడం మాత్రం నతానియేలుగారే చూసుకుంటారు. భార్య సత్యవతమ్మకు సుగర్. కొడుకు అనుదీప్‌కు పరీక్షలు చేసి సరిపోడన్నారు. ఇక మిగిలింది తోడబుట్టిన సులోచన.

"రక్తం, టిష్యూ అన్నీ మీ అన్నయ్యకు కలిశాయి. ఇంత బాగా కలవడం అరుదు," అన్నారు డాక్టరు.

"సంతోషమండీ."

"ఇప్పుడు నేనడిగేదానికి తొందరపడకుండా చెప్పండి. మీకు ఇవ్వాలని ఉందా?"

"ఇవ్వాలి కదండీ."

"ఇవ్వాలా వద్దా అని అడగట్లేదు. మీకు ఇవ్వాలని ఉందా?"

సులోచన ఒళ్ళో ఉన్న తన చేతులవైపు చూసుకుంది. వణుకుతున్నాయి. ఆసుపత్రి వాసన తగిలితే చాలు, అవి అలాగే వణుకుతాయి. కూతురు హాసిని పుట్టినప్పుడు రక్తస్రావం ఆగక, మళ్ళీ బల్ల మీదకి ఎక్కించి కోశారు. మత్తులోకి జారిపోతూ, ఇక లేవనేమో అనుకున్న ఆ క్షణం ఆమెను ఇన్నేళ్ళయినా వదల్లేదు. పిల్ల టెన్త్ క్లాసుకు వచ్చింది, భయం మాత్రం అక్కడే ఉండిపోయింది. దాన్నెవరూ పెద్ద సంగతిగా అనుకోలేదు. ఆడవాళ్ళకు కాన్పులు కష్టంగానే అవుతాయి అన్నారు, అంతే.

"భయమండీ," అంది చివరికి. "పరీక్షకు రక్తం ఇచ్చిన రోజు నుంచీ కంటిమీద కునుకు లేదు. అన్నయ్యంటే నాకు ప్రాణం. నాన్న పోయాక నన్ను చదివించింది ఆయనే. అయినా నా వల్ల కాదు. ఈ మాట బయట అంటే మావాళ్ళు నన్ను మనిషిగా చూడరు."

"అనక్కర్లేదు. మీరు దాతగా సరిపోరని నేను చెబుతాను. అంతకు మించి ఒక్క ముక్క చెప్పను. మీ అన్నయ్య అడిగినా, మీ ఆయన అడిగినా సరే."

"అది అబద్ధం కాదా అండీ?"

"ఇష్టం లేని మనిషి దాతగా సరిపోరమ్మా. అందులో అబద్ధమేం లేదు. మనసు మారితే వచ్చి చెప్పండి. మారకపోతే మిమ్మల్ని తప్పుపట్టేవాడిని కాను."

వరండాలో సత్యవతమ్మ పక్కన ఆమె తమ్ముడు కొండలరావు కూడా నిలబడి ఉన్నాడు. డాక్టరు చెప్పిన మాట విని ఇద్దరూ ఒకేసారి "ఎందుకనండీ?" అన్నారు.

"అది ఆవిడ ఆరోగ్యానికి సంబంధించింది. ఆవిడకే చెప్పాను."

అనుదీప్ సరిపోడని చెప్పినప్పుడు ఇంట్లో ఎవరూ ఎందుకని అడగలేదు. సత్యవతమ్మ అయితే అటు తిరిగి దేవుడికి దండం కూడా పెట్టుకుంది. సులోచన విషయానికొచ్చేసరికి మాత్రం అందరికీ కారణం కావలసి వచ్చింది.

కారణం దొరక్కపోయేసరికి తలా ఒకటి కల్పించారు. సులోచనకు గుండెజబ్బని ఒకరన్నారు. కాన్సరని ఇంకొకరు. గుడివాడలో ఓ పెళ్ళికి వెళ్తే, బంతిలో పక్కన కూర్చోబోయిన దూరపు బంధువు ఒకామె ఏదో గుర్తొచ్చినట్టు లేచి అవతలి వరసకు వెళ్ళిపోయింది. రక్తంలో ఉండే చెడ్డ జబ్బని ఎవరో అన్నారట. ఆ మాట తిరిగి తిరిగి స్టాఫ్ రూముకూ చేరింది. మంచినీళ్ళ గ్లాసులు మారాయి. ఎవరూ ఏమీ అనలేదు, సులోచనకు మాత్రం విడిగా ఒక గ్లాసు పెట్టారు.

భర్త నాగభూషణానికి ఆమె నిజం చెప్పింది. "మంచి పని చేశావు," అన్నాడాయన వెంటనే. ఆ మాటా ఆమె తట్టుకోలేకపోయింది. మంచి పనని తనకే అనిపించడం లేదు.

అన్నిటికంటే కష్టమైంది అన్నయ్య దగ్గర కూర్చోవడం. డయాలసిస్ రోజు ఆమె ఉప్పులేని కూర వండి టిఫిన్ బాక్సులో పట్టుకెళ్ళేది. చేతికి గొట్టాలతో మంచం మీద పడుకున్న సీతారామయ్య ఆమె ముఖంలోకే చూసేవాడు.

"డాక్టరు నీకేం చెప్పాడమ్మా?"

"ఏం లేదన్నయ్యా."

"ఏం లేకపోతే సరిపోవని ఎందుకంటాడు? నా దగ్గర దాస్తున్నావు. నా సంగతి సరే, ఏదో ఒకటి అవుతుంది. నువ్వు చిన్నదానివి. హైదరాబాదులో పెద్ద డాక్టరుకు చూపిస్తాను. ఈ వారం మిషను ఒకరోజు వెనక్కి జరుపుకుంటాను."

"వద్దన్నయ్యా. నీ మిషను ఆపద్దు. నాకు బాగానే ఉంది."

"నీ చేతులు చూడు, ఎట్టా వణుకుతున్నాయో."

ఆమె బాక్సు మూత పెట్టి బయటికొచ్చి, మందుల షాపు వెనక గోడకు ఆనుకుని ఏడ్చింది. నిజం చెప్పేయాలని ఎన్నోసార్లు అనిపించింది. చెబితే తర్వాత ఏం జరుగుతుందో తెలుసు. ఊరుకుంది.

వానలు మొదలయ్యాక ఒక శుక్రవారం మధ్యాహ్నం, క్లాసు మధ్యలో అటెండరు వచ్చి ఎవరో పిలుస్తున్నారని చెప్పింది. గేటు దగ్గర అనుదీప్ కారు ఆపుకుని ఉన్నాడు. గడ్డం గీసుకోలేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అన్నయ్యకేమన్నా అయ్యిందా?" అంది సులోచన పరుగున వెళ్ళి.

"ఎక్కత్తా. ఆసుపత్రికి వెళ్దాం."

కారు రోడ్డెక్కాక అతను ముందుకే చూస్తూ అన్నాడు. "నా ఫ్రెండొకడు బెజవాడ ల్యాబులో చేస్తున్నాడు. కంప్యూటర్లో చూసి చెప్పాడు. నీకు అన్నీ కలిశాయంట కదా."

వైపర్లు అద్దం మీద వాన తుడుస్తున్నాయి.

"నా రక్తం సంగతి నన్నడక్కుండా ఎట్టా కనుక్కున్నావురా?"

"మా నాన్న అక్కడ చచ్చిపోతుంటే ఇప్పుడు అదా గొడవ?"

"ఇంకెవరికి చెప్పావు?"

"అమ్మకు, మావయ్యకు. వాళ్ళక్కడే ఉన్నారు." అతను అవసరం లేకపోయినా హారన్ మోగిస్తూనే ఉన్నాడు. "ఎట్టా చేయబుద్ధయిందత్తా నీకు? ఆయన నీ జబ్బేంటోనని రాత్రీ పగలూ బెంగపెట్టుకున్నాడు."

డాక్టరు గదిలో కొండలరావు అప్పటికే గొంతు పెంచి ఉన్నాడు. సత్యవతమ్మ గోడవారగా నిలబడి కొంగుతో నోరు మూసుకుంది. ఆ గదికీ డయాలసిస్ గదికీ మధ్య ఉన్నది చెక్క అడ్డుగోడ ఒక్కటే. దానవతల సీతారామయ్య మిషను మీద ఉన్నాడు.

"అన్నీ కలిసినామెను సరిపోదంటారా? ఇది మోసం కాదా?" అంటున్నాడు కొండలరావు. "పేపర్లో వేయిస్తాను. మీ ఆసుపత్రి మూయిస్తాను."

"కలిసిందని మీకెవరు చెప్పారు?" అన్నారు నతానియేలు.

"ఎవరు చెబితే మీకెందుకు?"

"చెప్పకూడని మనిషి చెప్పాడు కాబట్టి అడుగుతున్నాను. ఆ ల్యాబు సంగతి తర్వాత చూస్తాను. ఆవిడకు కలవలేదని నేనెప్పుడూ అనలేదు. దాతగా సరిపోరన్నాను. ఇప్పటికీ అదే అంటున్నాను."

లోపలికొచ్చిన సులోచనను చూడగానే సత్యవతమ్మ ఒక్కసారిగా వంగి ఆమె పాదాలు పట్టుకుంది. "నా పసుపుకుంకాలు నీ చేతిలో ఉన్నాయమ్మా. నువ్వు కాదంటే ఇంకెవరున్నారు? నీకు దణ్ణం పెడతాను సులోచనా."

"లే వదినా. లే. ఇట్టా చేయకు." సులోచన ఆమెను లేపబోయింది, లేపలేకపోయింది. ఆ చేతుల పట్టు వదలడం లేదు. గుమ్మంలో ఎవరో పేషెంట్లు తొంగి చూస్తున్నారు. "ఇస్తాను," అంది. "ఇస్తాను వదినా. ముందు లే."

కొండలరావు డాక్టరువైపు తిరిగాడు. "విన్నారుగా? ఇస్తానంటోంది. ఏర్పాట్లు చూడండి."

"ఈ మాటను నేను లెక్కలోకి తీసుకోను."

"ఏంటీ?"

"నలుగురు చుట్టూ నిలబడి కాళ్ళు పట్టుకుంటే ఎవరైనా సరేనంటారు. ఇది ఒప్పుకోవడం కాదు."

అప్పటిదాకా తలుపు దగ్గర నిలబడ్డ అనుదీప్ ముందుకొచ్చి బల్ల మీద చరిచాడు. "మా అత్త ఇస్తానంటుంటే మధ్యలో నువ్వెవడివి? సరిపోరు, సరిపోరు! నీకు తెలిసింది ఆ ఒక్క మాటేనా? ఎంతమందికి చెప్పావు ఆ మాట?"

నతానియేలు అతనివైపు చూశారు. కోపంగా చూడలేదు. ఆ చూపు అంతసేపు ఎందుకు నిలిచిందో సులోచనకు అర్థం కాలేదు.

"నేను ఎవరి సంగతీ ఎవరికీ చెప్పను బాబూ," అన్నారు నెమ్మదిగా. "ఎవరిదీ."

అనుదీప్ ముఖంలో రంగు మారింది. బల్ల మీదున్న చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

కొండలరావు అదేమీ గమనించలేదు. బల్ల చుట్టూ తిరిగొచ్చి డాక్టరు చొక్కా కాలరు పట్టుకున్నాడు. "ఎట్టా చెప్పవో చూస్తాను. ఎందుకు సరిపోదో మా ముందు చెప్పు!"

గుమ్మంలో ఎవరో కేకేశారు. నతానియేలు కళ్ళజోడు కింద పడింది. వయసు మళ్ళిన మనిషి, ఒంట్లో బలం లేదు. కొండలరావు గుంజుతుంటే ముందుకూ వెనక్కూ ఊగిపోయారు. అయినా నోరు తెరవలేదు. కళ్ళు మాత్రం అనుదీప్‌వైపు పోకుండా ఉండాలని ప్రయత్నిస్తున్నట్టు కిటికీకేసి తిప్పుకున్నారు.

"వదులు మావయ్యా," అన్నాడు అనుదీప్.

"నువ్వుండరా."

"వదలమంటున్నానా!" అతని గొంతు పగిలిపోయింది. "ఆయన దాస్తున్నది నా సంగతి కూడా. నాకూ కలిసింది."

కొండలరావు చెయ్యి జారిపోయింది.

"నాకూ కలిసింది మావయ్యా. నేనే వద్దన్నాను. ఇదే గదిలో. అందరికీ సరిపోడని చెబుతానన్నారు, చెప్పారు." అతను ఎవరి ముఖంలోకీ చూడడం లేదు. "అత్తకూ అదే మాట చెప్పేసరికి నాకర్థమైపోయింది. అత్తచేత ఒప్పిస్తే, ఇంక నేను ఇవ్వక్కర్లేదు కదా అని..." మాట పూర్తి కాలేదు. గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుండిపోయాడు.

సత్యవతమ్మ సులోచన పాదాలు వదిలి లేచింది. నేరుగా కొడుకు దగ్గరకు వెళ్ళి తలను పొట్టకు హత్తుకుంది. "పోన్లే నాన్నా. ఏడవకు. నీ వయసెంతని? ఇంకా పెళ్ళి కూడా కాలేదు. నిన్నెవరడిగారు?"

"అవును మరి, కుర్రాడు," అన్నాడు కొండలరావు, కాలరు పట్టుకున్న చేతిని ఎక్కడ పెట్టాలో తెలీక.

సులోచనకు అంతదాకా రాని కోపం అప్పుడొచ్చింది. ఇన్ని నెలల బెరుకూ ఒక్కసారిగా ఎండిపోయినట్టయింది. "వాడిది భయమా వదినా?" అంది. "వాడిది భయం, నాది మోసమా? ఇంతసేపూ నా కాళ్ళు పట్టుకున్నావు. వాడినయితే ఒళ్ళోకి తీసుకున్నావు. నాకూ ఒక కూతురుంది. నేనూ ఎవరో ఒకరికి కావాలి కదా."

సత్యవతమ్మ కొడుకు తల మీంచి ఆమెవైపు చూసింది. ఆ కళ్ళలో సిగ్గూ ఉంది, పంతమూ ఉంది.

అప్పుడు డయాలసిస్ గది తలుపు తీసుకుని నర్సు పాపాయమ్మ వచ్చింది. "డాక్టరుగారూ, పెద్దాయనకు బీపీ పడిపోతోందండీ. లేవాలని చూస్తున్నారు. ఇక్కడి మాటలన్నీ లోపలికి వినపడుతున్నాయండీ."

నతానియేలు కళ్ళజోడు కూడా వెతుక్కోకుండా లోపలికి పరుగెత్తారు. మిగిలినవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఉండిపోయారు. అడ్డుగోడ అవతల మంచం కాళ్ళ వైపు ఎత్తిన చప్పుడు, సెలైన్ తెమ్మన్న కేక, మిషను కుయ్యిమంటున్న మోత. అనుదీప్ చెవులు మూసుకున్నాడు. ఆ మోత ఆగేదాకా సులోచన నిలబడ్డచోటే నిలబడింది. ఆగినప్పుడు, ఆగింది మిషనా మనిషా అన్న అనుమానంతో తలుపు వైపు అడుగేసింది.

తర్వాత డాక్టరు తలుపు దగ్గరకొచ్చారు. "తేరుకున్నారు. చెల్లెల్ని పిలవమంటున్నారు. ఆమెనొక్కదాన్నే."

సీతారామయ్య ముఖం పాలిపోయి ఉంది. పెదవులు ఎండిపోయాయి. సులోచన మంచం పక్కన నిలబడితే కూర్చోమని కూడా అనలేదు.

"నీకు జబ్బేం లేదన్నమాట," అన్నాడు.

"లేదన్నయ్యా."

"నిజంగా లేదు?"

"నిజంగా లేదు."

ఆయన కళ్ళు మూసుకుని "అమ్మయ్య" అన్నాడు. ఆ తర్వాత ఎంతోసేపటికి, కళ్ళు తెరవకుండానే మళ్ళీ మాట్లాడాడు. "నాకు నీ మీద కోపంగా ఉంది. వాడి మీదా ఉంది. ఉండకూడదని తెలుసు, కానీ ఉంది. ఇప్పుడేం మాట్లాడకు. వెళ్ళు."

ఆమె వెళ్ళింది.

నతానియేలు ల్యాబు వాళ్ళకు ఫిర్యాదు చేశారు. సంగతి చెప్పిన కుర్రాడి ఉద్యోగం పోయింది. అనుదీప్ వెళ్ళి బతిమాలాడు గానీ డాక్టరు వినలేదు. "నీ సంగతి కూడా అతను అలాగే చూసి ఉండేవాడు. ఎవరూ అడగలేదు కాబట్టి చూడలేదు, అంతే," అన్నారట. కాలరు పట్టుకున్నందుకు మాత్రం ఆయన ఎవరి మీదా కేసు పెట్టలేదు. సీతారామయ్య మిషను టైము మార్చలేదు, మరో ఆసుపత్రికి వెళ్ళమనీ అనలేదు.

సీతారామయ్య చలికాలం వచ్చేదాకా సులోచనతో మాట్లాడలేదు. ఆమె టిఫిన్ బాక్సు తీసుకెళ్ళి పాపాయమ్మకిచ్చి వచ్చేది. బాక్సు ఖాళీగా తిరిగొచ్చేది. అంతవరకే తెలిసేది. ఒకరోజు పాపాయమ్మ సెలవులో ఉంది. బాక్సు అందుకునేవాళ్ళు లేక సులోచన తనే లోపలికి వెళ్ళింది. ఆయన చెయ్యి ఎత్తి తినలేకపోతుంటే పక్కన కూర్చుని ముద్దలు కలిపి పెట్టింది. ఆయన తిన్నాడు.

"అంత భయమా నీకు?" అన్నాడు మధ్యలో.

ఆమె హాసిని పుట్టినప్పటి సంగతి మొదటిసారి ఆయనకు మొత్తం చెప్పింది. రెండోసారి కోసిన రోజు, మత్తు, చుట్టూ గొంతులు దూరమైపోవడం, అన్నీ. సీతారామయ్య నోట్లో ముద్ద అలాగే ఉంచుకుని విన్నాడు.

"అప్పుడు నేను ఆ ఆసుపత్రి బయటే ఉన్నాను," అన్నాడు. "నాకు ఇదంతా తెలీదు. అడగాలని కూడా తోచలేదు." ముద్ద మింగి, "నాకూ భయమేనమ్మా. ఈ సూది గుచ్చే ప్రతిసారీ భయమే. మీ వదినకు చెప్పకు," అన్నాడు.

ఆ తర్వాత కిడ్నీ మాట వాళ్ళిద్దరి మధ్యా దాదాపు రాలేదు. ఒకసారి ఆమే, కంగారులో, "పోనీ ఇప్పుడు డాక్టరుగారితో..." అనబోతే ఆయన చెయ్యి అడ్డంగా ఊపాడు. "నువ్వు అనుకుంటే అను. నా ముఖం చూసి అనకు." ఆమె ఆలోచించింది. చాలా ఆలోచించింది. అనలేదు. అనుదీప్ కూడా అనలేదు. చెరువుల పనంతా తనమీద వేసుకుని, డయాలసిస్ రోజున కారు తనే నడుపుతూ తండ్రిని తీసుకొచ్చేవాడు. అత్త ఎదురైతే తల వంచుకునేవాడు. ఆమె కూడా పలకరించడానికి చాలా కాలం పట్టింది.

సీతారామయ్య మిషను మీదే ఇంకో మూడేళ్ళు బతికాడు. అనుదీప్ పెళ్ళి చూశాడు.

ఆ పెళ్ళి గుడివాడలో జరిగింది. భోజనాల దగ్గర ఆయన సులోచనను పిలిచి తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. ఎదుటి వరసలో ఉన్న ఒక పెద్దమనిషి ఆమెనే తేరిపార చూసి, "ఏమ్మా, నీకేదో జబ్బన్నారు, ఇప్పుడెట్టా ఉంది?" అని గట్టిగా అడిగాడు. చుట్టుపక్కల మాటలు ఆగాయి. సత్యవతమ్మ వడ్డించడం ఆపేసింది. అనుదీప్ పెళ్ళిబట్టల్లో బిగుసుకుపోయి నిలబడ్డాడు.

"మా చెల్లెలికేం, నిక్షేపంలా ఉంది," అన్నాడు సీతారామయ్య. "జబ్బు నాది. అడగాలనుంటే నన్నడుగు, ఎంతసేపైనా చెబుతాను."

పెద్దమనిషి విస్తట్లోకి తల దించాడు. నెమ్మదిగా మళ్ళీ మాటలు మొదలయ్యాయి. ఎవరో సాంబారు తెమ్మని అరిచారు.

సీతారామయ్య సులోచనవైపు వంగాడు. నీళ్ళు గుక్కెడు కూడా లెక్క చూసుకుని తాగాల్సిన ఒళ్ళు ఆయనది. ఉక్కకు చొక్కా తడిసిపోయింది. "ఆ కూల్‌డ్రింకుల డబ్బాలో ఐసుంటుంది," అన్నాడు గుసగుసగా. "ఒక్క ముక్క తెచ్చిపెట్టు. డాక్టరుకు చెప్పకు."

సులోచన లేచి జనంలోంచి దారి చేసుకుంటూ డబ్బా వైపు వెళ్ళింది.